వెర్లిన్ ఆఖరి బకెట్

ఆర్వెల్లా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఒకటుంది: "ఆ చప్పుడేంటండీ?" బట్టలుతికే గదిలోంచి వస్తుంది అది, జరజరా జరజరా, ఆగకుండా. రబ్బరు డబ్బాలో రాళ్ళు, నీళ్ళు, గరుకుపొడి పోసి మూత బిగించి మోటారు మీద పడుకోబెడితే, అది నెలంతా దొర్లుతూనే ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆ డబ్బా ఖాళీగా ఉన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అందులో తిరిగేది రాయిగా మారిన కర్ర. హోల్‌బ్రూక్ ఊరి చుట్టూ, ఆ ఎడారిలో పశువులు మేపుకునే ఏ రాంచీలో కాలు పెట్టినా తగులుతుంది. చెట్టు వలయాలు, బెరడు గీతలు అలాగే ఉంటాయి, ఎత్తి చూస్తే మాత్రం బరువు రాయిదే. పక్కనే ఉన్న ప్రభుత్వ పార్కులోంచి గోరంత ముక్క తెచ్చుకున్నా నేరం కాబట్టి, బుద్ధున్నవాళ్ళు రాంచీవాళ్ళను అడిగి ఏరుకుంటారు. ఏరిన ప్రతి ముక్కనూ నాలుకతో తడిపి చూస్తారు. తడిస్తే ఏ రంగు కనిపిస్తుందో మెరుగు పెట్టాక అదే రంగు వస్తుంది. ఎడారి మధ్యలో నడివయసువాళ్ళు రాళ్ళు నాకుతూ తిరగడం చూస్తే ఊరికి కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది. రానివ్వండి.

ఆర్వెల్లా ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. భర్త పోయిన ఏడాది, ఇల్లు మరీ మూగబోయిందని, ఎవరో వాకిట్లో పెట్టి అమ్ముకుంటున్న పాత డబ్బా కొని తెచ్చుకుంది. మొదటి వారం తర్వాత అందులోని బురదను తీసుకెళ్ళి వంటగది సింకులో పారబోసింది. రాళ్ళు దొర్లించే ప్రతివాళ్ళూ జీవితంలో ఒకసారి చేసే పని అది. ఆ బురద గొట్టంలో సిమెంటులా బిగుసుకుపోయింది. అప్పుడు రెంచీ పట్టుకుని వచ్చినవాడు పక్కింటి వెర్లిన్, రైలు పట్టాల పని చేసి రిటైరైన మనిషి.

"రాళ్ళు నున్నగా చేయాలనుకున్నావా, గొట్టాన్నే రాయి చేయాలనుకున్నావా?" అని అడిగాడు సింకు కింద పడుకుని. అంత చిన్నబోయినా ఆర్వెల్లా నవ్వేసింది. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఆయనే అన్నీ నేర్పాడు. వారానికో పొడి, నాలుగు వారాలకు నాలుగు పొడులు. మొదటిది ఇసుకంత గరుకు, చివరిది ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. పొడి మార్చినప్పుడల్లా ప్రతి రాయినీ పళ్ళ బ్రష్షుతో తోమాలి. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటి చెప్పాడు. "పగులున్న రాయిని డబ్బాలో వెయ్యకు, అమ్మాయ్. మొదటి వారం గరుకుపొడి పగుల్లో దాక్కుంటుంది. సరిగ్గా మెరుగు పెట్టే వారం బయటికొస్తుంది. ఒక్క రవ్వ చాలు, డబ్బా అంతా గీతలే."

ఆమె ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. ఆమె డబ్బాలో గీతలు పడ్డాయని ఎవరూ అనలేదు. ఏటా రాళ్ళ క్లబ్బువాళ్ళు పెట్టే ప్రదర్శనకు వచ్చినవాళ్ళు ఆమె బల్ల దగ్గర కాసేపు ఎక్కువే నిలబడేవాళ్ళు.

వెర్లిన్‌కు ఎనభై ఒకటో ఏట చూపు పూర్తిగా పోయింది. అయినా ముక్క చేతికిస్తే నాలుకకు తగిలించుకునేవాడు.

"రంగు కనిపించదు కదా, ఎందుకయ్యా నాకుతావు?" అని ఆర్వెల్లా అడిగితే, "కళ్ళు పోయాయి గానీ నాలుక పోలేదుగా," అనేవాడు.

చలికాలంలో ఒకరోజు పొయ్యి మీద చెయ్యి కాల్చుకున్నాడు. టూసాన్‌లో ఉండే చెల్లెలు నడీన్ నాలుగు గంటలు కారు నడుపుకుని పరుగున వచ్చింది. మంచి మనిషి, అన్నంటే ప్రాణం. "ఇక ఒంటరిగా ఉండనివ్వను అన్నయ్యా. మా ఇంట్లో గది సిద్ధం చేశాను," అంది. వెర్లిన్ షెడ్డులో ఉన్న బకెట్టు చూపించాడు. చూపున్నప్పుడు రాంచీలో చివరిసారి ఏరుకొచ్చిన రాళ్ళవి. "ఇది ఆర్వెల్లా దొర్లించి ఇవ్వనీ. అవి చేత పట్టుకునే వస్తాను."

డబ్బా పూర్తయ్యేదాకా ఉంటాడు, పూర్తయితే వెళ్ళిపోతాడు. పొద్దున ఆయన వాకిట్లో కాఫీ, మధ్యాహ్నం ఆర్వెల్లా తీసుకెళ్ళే పచ్చిమిరపకాయల పంది కూర, బీన్స్, ఇద్దరి వెక్కిరింపులు, అన్నీ నెల రోజుల్లో అయిపోతాయి. ఉండిపొమ్మని అడగడానికి తనెవరు? పక్కింటి మనిషి. బకెట్టు ఎత్తుకుని ఇంటికొచ్చింది.

ఇంకొకరైతే నాన్చి నాన్చి నాలుగు వారాల పనిని ఎనిమిది చేసుండేవాళ్ళు. ఆర్వెల్లా వల్ల అది కాదు. మంచు పడ్డా బస్సు టైముకి తెచ్చిన మనిషి. మొదటి రోజే రాళ్ళన్నీ తడిపి ఎండలో ఆరబెట్టింది. అలా పెడితే రాయంతా ఆరిపోయి, పగులుంటే అది మాత్రం నల్లటి గీతలా మిగులుతుంది. ఎర్రటి ముక్క ఒకటి, మధ్యలో కొమ్మ విరిగిన చోట కన్నులాంటి మచ్చ ఉన్నది, ఆరబెట్టాక సన్నటి నల్లగీత చూపించింది. వెర్లిన్‌కు ఆ బకెట్టులో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఆర్వెల్లా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. రంగు చారేలే అనుకుంది. డబ్బాలో వేసేసింది.

నడీన్ ప్రతి ఆదివారం ఆర్వెల్లాకు ఫోన్ చేసేది. "ఎంతవరకొచ్చిందమ్మా?" "రెండో పొడి." "ఎంతవరకొచ్చింది?" "మూడోది." నాలుగో ఆదివారం తనే కారులో వస్తానంది.

దానికి ముందురోజు శనివారం మధ్యాహ్నం ఆర్వెల్లా డబ్బా మూత తీసింది. రాళ్ళు కడిగి తువ్వాలు మీద పోసింది. అద్దంలా మెరవాల్సినవి పాలిపోయి ఉన్నాయి. దగ్గరగా చూస్తే ప్రతిదాని మీదా పిల్లి గీరినట్టు గీతలు. ఎర్రముక్కను బల్లకేసి తడితే పగుల్లోంచి గరుకుపొడి రెండు రవ్వలు రాలాయి.

కళ్ళున్నది నాకు, నియమం నేర్పింది ఆయన, గీత చూసి కూడా వేశాను అనుకుంది. అప్పుడే ఒక పాడు ఆలోచన వచ్చింది. అలమారాలో తన పాత రాళ్ళు, మెరిసేవి, బోలెడున్నాయి. ఆయనకు కనిపించదు కదా. రేకు డబ్బా నిండా అవి పోసుకుని వెర్లిన్ గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు కొట్టబోయి ఆగింది. చూపు లేనివాడు కదా అని పంతొమ్మిదేళ్ళ స్నేహాన్ని మోసంతో ముగించడానికి ఆమె చెయ్యి లేవలేదు. వెనక్కి వెళ్ళి అసలువే తెచ్చింది.

ఈసారి వచ్చేసరికి వెర్లిన్ బయటికొచ్చి వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పెట్టె కట్టి ఉంది.

"ఇంతసేపు గుమ్మంలో ఏం చేశావు? వచ్చావు, వెళ్ళావు, మళ్ళీ వచ్చావు."

ఆర్వెల్లా రేకు డబ్బా ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఒక రాయి తీసి బొటనవేలితో రుద్దాడు. ఇంకోటి తీసి పెదవికి ఆనించుకున్నాడు. మూడోది అక్కర్లేకపోయింది.

"పగులున్నది వేశావు."

"వేశాను," అంది. "గీత చూశాను, వెర్లిన్. చూసి కూడా వేశాను. నీకిష్టమైనదని. నన్ను తిట్టు."

"సింకు నాటినుంచి తిడుతూనే ఉన్నానుగా." ఆయన రాళ్ళను వేళ్ళతో కలుపుతూ కూర్చున్నాడు. "నడీన్‌కు ఫోన్ కలుపు."

కలిపింది.

"చెల్లాయ్, రేపు రావద్దు. డబ్బా చెడింది... ఆఁ, గీతలు పడ్డాయి. మొదటి పొడినుంచి మళ్ళీ పెట్టాలి. నెల పడుతుంది... ఏం చేస్తాం, రాళ్ళకు తొందరుండదు. చెయ్యి బాగానే ఉందే, వంటంతా ఆర్వెల్లాదే."

ఫోన్ పెట్టాక ఆర్వెల్లా నెమ్మదిగా అంది: "మొదటి పొడి ఎందుకు? సన్నగీతలే. మూడోదానినుంచి పెడితే పది రోజుల్లో అయిపోతుంది. నువ్వు నేర్పిందేగా."

"నేర్పింది నేనేగా. మొదటినుంచే పెట్టు."

ఆమె రాళ్ళు రేకు డబ్బాలోకి ఎత్తింది. ఎర్రముక్కను మాత్రం వేరుచేసి జేబులో వేసుకోబోయింది.

"అదెక్కడికి?" అన్నాడు వెర్లిన్, చప్పుడు విని.

"ఇంకా వేస్తానా దీన్ని? మళ్ళీ అన్నీ గీతలు పడతాయి."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె ముక్కను అందులో పెట్టింది. పగులు ఎక్కడుందో గోటితో వెతికి పట్టుకున్నాడు. నాలుకకు తగిలించుకుని, మళ్ళీ ఆమెకే ఇచ్చాడు.

"ఇదీ అందులోనే వెయ్యి," అన్నాడు.