వాడంతా పసుపు రాసిన హాల్‌టికెట్

మా వాడలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఇందులో నా గొప్పేమీ లేదు, లెక్కల్లో నేను మొద్దును. ఎనభైల చివర్లో ఆర్మూర్ పసుపు రైతుల ఇళ్లలో ఆడపిల్ల ఏడో తరగతికే పనిలోకి దిగేది. నాన్న దుబాయిలో, అమ్మ పొలంలో. పరీక్ష తప్పితే చదువు బంద్ అని పెదనాన్న ముందే తేల్చేశాడు.

పదకొండు ఇళ్ల వాడ మాది. అక్కడి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఇవాళ ఒకరి పసుపు ఉడికితే అందరూ అక్కడే, రేపు ఇంకొకరి ఇంట్లో. ఎవరి పనీ ఒక్కరిది కాదు. మంచిదే. కానీ నా పరీక్షను కూడా ఆ వంతుల్లో కలుపుకుంటారని నేననుకోలేదు.

హాల్‌టికెట్ వచ్చిన రోజు అమ్మ దాని నాలుగు మూలలకూ తడి పసుపు రాసి దేవుడి ముందు పెట్టింది. కొత్త పుస్తకానికి, పెళ్లి పత్రికకు రాస్తాం కదా, అలాగే. అక్కడితో ఆగితే బాగుండేది. పక్కింటి అత్త వచ్చి, "మా దేవునికి గూడ జర చూపియ్యాలె" అని పట్టుకుపోయింది. అక్కడినుంచి అది ఇల్లిల్లూ తిరిగింది. నాలుగు మూలలూ మా ఇంట్లోనే అయిపోయాయి కాబట్టి మిగతావాళ్లు ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ రాశారు. తిరిగొచ్చేసరికి పేరు లేదు, నంబరు లేదు, ఫొటోలో ఒక చెవి మాత్రం మిగిలింది.

నేను శోకాలు పెట్టాను. "ఏడ్వకు. గింతమంది దీవెన వెట్టినంక ఎట్ల తప్పుతవ్?" అంది అమ్మ.

పరీక్ష రోజు పొయ్యిలు ఆర్పేసి పదకొండు మందీ నా వెనకే పరీక్ష సెంటరు పడిన పక్కూరి బడికి నడిచారు. గేటు దగ్గర సారు హాల్‌టికెట్టును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వాసన కూడా చూశాడు.

"నువ్వెవరో నాకెట్ల తెలుస్తదమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరవకముందే పదకొండు నోళ్లు తెరుచుకున్నాయి. "పుట్టంగనే గీ చేతులతోనే పట్టుకున్న సారు" అంది ఒకామె. ఇంకొకామె నా మోకాలి మీది మచ్చ చూపించబోతే లంగా పట్టుకుని వెనక్కి దూకాను. మూడో ఆమె నాకు లెక్కలు రావని కూడా సాక్ష్యం చెప్పింది. ఆమెను ఎవరు అడిగారో ఇప్పటికీ తెలియదు.

గంట కొట్టారు. సారు విసుగెత్తి లోపలినుంచి పేర్ల జాబితా తెప్పించాడు. అందులో నా పేరుంది.

"గీ పిల్ల గా పిల్లనే అని కాయితం రాస్త. తెలిసినోళ్లు సంతకాలు వెట్టున్రి" అన్నాడు.

పదకొండు మందీ ఒక్కసారిగా నోరు మూశారు. నాకు సిగ్గేసింది, వాళ్ల మీద జాలీ వేసింది. చివరికి అమ్మ ముందుకొచ్చి బొటనవేలు చాపింది. ఆమె వెనక వరుసగా అందరూ ముద్ర వేశారు. చివర నన్నూ పెట్టమంటే సంతకం పెట్టాను.

అమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని ఇవ్వదే. వేలిముద్రల కింద నా అక్షరాలు చూస్తూ నిలబడిపోయింది.

"అమ్మా, పరీక్షకు టైం అయితుంది" అన్నాను.

"ఇంకేం పరీక్షనే," అంది కళ్లు తుడుచుకుంటూ. "మా అందరిల సంతకం వెట్టింది నువ్వొక్కదానివే గద."

లెక్కల్లో ముప్పై ఆరు వచ్చాయి, గట్టెక్కాను. చదువు బంద్ కాలేదు. మార్కులెన్నని వాడలో ఒక్కరూ అడగలేదు. ఒక్కొక్కరే పలకలు పట్టుకుని వచ్చి, తమ పేరు ఎలా రాయాలో చూపించమన్నారు. అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది అమ్మే.