పిడికిట్ల తాళాలు

చేతిల తాళాలు పెట్టబట్టే మా తమ్ముడు బతికిండని ఇప్పటికీ అంటరు. ఇంటే నాకు ఒళ్లు మండుతది.

వానికి ఫిట్స్ ఉన్నయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కాడ క్యాబులు ఆగే జాగల బండ్లు కడుగుతడు. ఆ మధ్యాహ్నం నేను సద్ది పట్టుకపోయేసరికి కింద పడి కొట్టుకుంటున్నడు. చుట్టూ డ్రైవర్లు. "ఇనుము పెట్టుండ్రి, ఇనుము!" అనుకుంట ఎవరి బండి తాళం వాళ్లు తీసి వాని పిడికిట్ల కుక్కుతున్నరు.

"ఇనుముతోని ఏం కాదన్నా, జర గాలి రానియ్యుండ్రి" అని మొత్తుకున్న. ఎవలింటరు? ఫిట్స్ రెండు మూడు నిమిషాలల్ల దానంతట అదే ఆగుతదని, పేరు మాత్రం తాళాలకు వస్తదని డాక్టర్ ఎన్నడో చెప్పిండు. ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు ఉరకమన్నడు. వాన్ని పక్కకు ఒరిగించి పండబెట్టిన. ఐదు నిమిషాలు దాటినయి. ఆగలేదు.

"మీ కాళ్లు మొక్కుత, ఒక్కరన్న బండి తియ్యుండ్రి!"

ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. అందరు మంచోళ్లే, అదే నా ఖర్మ.

"నా తాళం గూడ ఆయన చేతిల్నే ఉన్నదక్కా" అన్నడొకడు.

చుట్టూ అన్ని బండ్లు. నడుమ నేను, బిగుసుకపోయిన తమ్ముని వేళ్లు గుంజుకుంట.