ఎండ మొహం చూడని మర్డో

మర్డో ట్వీడీకి వేసవికాలమంటే పడదు. చెమట పడదనీ ఉక్క పడదనీ కాదు, అసలు అలాంటి కాలమొకటి భూమ్మీద ఉండడమే అతనికి నచ్చదు. "వేసవి మొహం చూసి ముప్పయ్యేళ్లు దాటింది" అని, తాగుడు మానేసినవాళ్లు చెప్పుకున్నంత గర్వంగా చెప్పుకునేవాడు.

దీనికి పెద్ద మంత్రమేమీ లేదు. మా న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో జూన్ నుంచి అక్టోబరు దాకా మంచు. మా కొండ మీద అది కరగడం మొదలవగానే మర్డో మంచు మీద జారే స్కీలు భుజాన వేసుకుని కెనడా వెళ్లిపోతాడు. అక్కడ అప్పుడే చలికాలం గడప తొక్కుతూ ఉంటుంది. అక్కడ కరిగిందంటే మళ్లీ మా దగ్గర ప్రత్యక్షం. ఏడాదికి రెండు చలికాలాలు. "చలికాలాల లెక్కన మీ అందరికంటే పెద్దవాణ్ణి. లేవండి, లేవండి, పెద్దలకి చోటివ్వండి" అంటూ లాడ్జిలో పొయ్యి పక్క కుర్చీ కాజేసేవాడు. చలిని అంతగా ప్రేమించేవాడికి పొయ్యి పక్క కుర్చీ దేనికని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది, లాడ్జి పెత్తనం చూసే విల్మాకి తప్ప.

"మంచంటే అంత ప్రేమైతే బయట కూర్చోవోయ్!"

"ప్రేమ ఉన్నవాళ్లు ఇరవైనాలుగ్గంటలూ కలిసుంటే గొడవలొస్తాయి విల్మా. రాత్రిళ్లు కాస్త ఎడం పాటించాలి."

అతని ఆస్తి రెండు జతల స్కీలు, ఒక సంచి, ఒక వెండి రంగు టేపు చుట్ట. కోటు చిరిగితే టేపు, బూటు నోరు తెరిస్తే టేపు, కళ్లజోడు విరిగితే టేపు. ఒకసారి జలుబు చేస్తే ముక్కు పట్టుకుని ఆ చుట్ట వైపు ఆలోచనగా చూడడం నేను గమనించాను.

వేసవి సంగతి అలా ఉంచి, దానికి కబురు మోసుకొచ్చే వసంతమన్నా హడలే. కింద లోయలో మొదటి గొర్రెపిల్ల పుట్టిందని ఎవరైనా సంబరంగా చెబితే "అయ్యో పాపం" అని టోపీ తీసేవాడు. భోజనాల బల్ల మీద ఎవరో పసుప్పచ్చ పూలు పెడితే, పళ్లెం పట్టుకుని వెళ్లి బూట్లు ఆరబెట్టే గదిలో తిన్నాడు. పట్నంలో ఓ రోజు కాస్త ఎండ కాస్తే మాంసం కొట్టు చలిగదిలో దూరాడు. కొట్టువాడు చూసుకోకుండా తలుపేశాడు. కంగారుగా తీసేసరికి, వేలాడే గొర్రెల మధ్య కూర్చుని సుఖంగా ఈల వేస్తున్నాడట. "ఇది అద్దెకిస్తారా?" అని అడిగాడట.

మాది వ్యాపారం కోసం నడిపే స్కీ కొండ కాదు. క్లబ్బు సభ్యులం కలిసి నడుపుకునేది. వంటా మాదే, అంట్లూ మావే, ఎవరి వంతు వాళ్లది. బడిలో పాఠాలు చెప్పడం మానేశాక నేను టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. ఎవరూ రానప్పుడు పుస్తకం చదువుకోవచ్చని కోరి తీసుకున్న పని. అందుకే మర్డోకి నేను పంతుల్ని.

పైకి వెళ్లడానికి మాకు కుర్చీల లిఫ్టు లేదు. స్తంభాలకున్న చక్రాల మీదుగా ఇంజను తిప్పే పొడవాటి తాడు ఉంది. నడుముకి పటకా, దానికి వేలాడే ఇనప పట్టకారు. పరిగెత్తే తాడుని ముందు చేత్తో పట్టుకుని, దానితో సమానంగా వేగమందుకుని, అప్పుడు పట్టకారు బిగించాలి. కొత్తవాళ్లు తొందరపడి ముందే బిగిస్తారు. తాడు వెళుతుంది, దానితో వాళ్లూ వెళతారు, స్కీలు మాత్రం కింద ఉండిపోతాయి.

ఆ తాడు రెండు చివర్లనీ కలిపే అతుకొకటి ఉంటుంది. ముడేస్తే చక్రాల్లోంచి దూరదు కాబట్టి, పోగులు విప్పి, ఒక చివరవి రెండో చివరలోకి జడలా అల్లుకుపోవాలి. అది అల్లింది విల్మా భర్త క్లెమ్. అల్లాక గుర్తుకి ఒక ఎర్రదారం దోపేవాడు. అతను పోయి పదేళ్లు దాటినా అతుకు అలాగే ఉంది. ఏటా కొండ తెరిచిన రోజు విల్మా ఇంజను ఆపించి, చేతితొడుగు తీసి, ఆ ఎర్రదారం మీద ఒకసారి తడుముతుంది.

"మా ఆయన చేతిపని. మనిషికంటే గట్టిది" అంటుంది.

మేమంతా టోపీలు తీస్తాం. మర్డో మాత్రం సరిగ్గా అప్పుడే ఆకాశంలోకి చూస్తుంటాడు. ఏమిటని అడిగితే, మంచు కురిసేలా ఉందా అని చూస్తున్నానంటాడు.

నన్ను తొలిచిన సంగతి వేరే ఉంది. మర్డో మోకాళ్లు.

కెనడా నుంచి దిగినవాడి మొహం నల్లబడిందంటే అర్థముంది. మంచు ఎండని అద్దంలా తిరగ్గొడుతుంది. కానీ ఓ జూన్‌లో బట్టలారేసే గదిలో చూస్తే, మోకాళ్లు కూడా టీ రంగులో నిగనిగలాడుతున్నాయి.

"ఆ మోకాళ్లేమిటి మర్డో?"

"కెనడా ఎండ పంతులూ. బట్టల్లోంచి దూరుతుంది."

"మరి ఆ కాట్లు?"

"దోమలు."

"చలికాలంలోనా?"

"అవి చలిదోమలు. ఉన్నికోట్లు వేసుకుని తిరుగుతాయి."

విల్మా కోసం ఏటా ఒక సీసా మేపుల్ చెట్టు పాకం, కెనడా ప్రత్యేకమని, తెచ్చేవాడు. ఒకసారి సీసా అడుగున మా పక్క క్రైస్ట్‌చర్చ్ పట్నంలోని కొట్టు చీటీ అంటుకుని ఉంది. నేను చూశాను. విల్మా చూసిందో లేదో, సీసాని గుడ్డతో తుడిచి అల్మరాలో పెడుతూ "ఎంతైనా కెనడాది కెనడాదే" అంది.

అలా సాగుతుండగా ఒక అక్టోబరులో, సీజను చివరి సమావేశంలో, మా అధ్యక్షుడు ఆర్కిస్టన్ గొంతు సవరించుకున్నాడు.

"మే నెల తనిఖీకి కొత్త అధికారి వస్తాడట. చండశాసనుడట. అంత పాత అతుకంటే భూతద్దం పెట్టి చూస్తాడు. పోగు తెగి కనబడిందా, కొండ మూసేస్తాడు."

"క్లెమ్ అతుకు తెగదు" అంది విల్మా.

"తెగదనే నేనూ అంటున్నాను. మనం అన్నంత మాత్రాన..."

"ఆ తాడు ఆగిన రోజు నేనూ దిగిపోతాను. ఇంకెవర్ని చూసుకోవాలి ఇక్కడ?" అని లేచి అంట్లు తోమడానికి వెళ్లిపోయింది. ఆ పూట అంట్ల వంతు ఆవిడది కాదు.

మర్డో మర్నాడే కెనడా బయల్దేరాడు.

జనవరిలో, అంటే మాకు నడివేసవిలో, నేను కొండెక్కాను. సగం చదివిన నవలొకటి టికెట్ల గదిలో మర్చిపోయాను. హంతకుడెవరో తెలియక మూడు నెలలుగా నాకు మనశ్శాంతి లేదు. ఎండ పేలిపోతోంది. ఆ సమయంలో పైన ఏది దొరికితే అది కొరికే కొండచిలకలు తప్ప ఎవరూ ఉండరు. అలాంటిది, ఎవరో ఈల వేస్తున్నారు.

చూద్దును కదా, మూడో స్తంభానికి పూల గొడుగు కట్టి ఉంది. దాని కింద పొట్టి నిక్కరులో, నెత్తిన తడిగుడ్డతో, రెండు కాళ్లూ వాగునీళ్ల బకెట్‌లో పెట్టుకుని, కందగడ్డలాంటి మొహంతో మర్డో! ఒళ్లో మా తాడు, జడ విప్పినట్టు పోగులు పోగులుగా. పక్కన ఒక కొండచిలక అతని చెప్పుని వాయిదాల మీద తినేస్తోంది.

దగ్గరికి వెళ్లాను.

"కెనడా బాగుందా?" అన్నాను.

"ఈ ఏడు కాస్త వేడిగా ఉంది పంతులూ."

గొడుగు నీడలో నాకూ చోటిచ్చాడు. బకెట్‌లో మాత్రం ఇవ్వలేదు.

"క్లెమ్ పోయిన ఏడే అతుకు పోగులు లేచిపోయాయి" అన్నాడు. "విల్మాతో ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ ఒక్కసారికి అని నేనే అల్లేసి ఎర్రదారం దోపాను. ఆవిడ వచ్చి తడిమి, ఆ మాట అంది. ఇంక మరుసటేడు ఎలా మానను చెప్పు?"

"అంటే అప్పట్నుంచీ నువ్వు కెనడా వెళ్లనే లేదా?"

"లేదు."

"ఇన్ని వేసవులూ ఇక్కడే?"

"లెక్కపెట్టకు. వింటేనే చెమట పోస్తుంది."

"ఒక వారం కూర్చుని అల్లేసి వెళ్లిపోవచ్చుగా?"

"స్తంభాలు నువ్వు నిలబెడతావా? చక్రాలకి జిడ్డు నువ్వు పెడతావా? మీరు ఏప్రిల్‌లో కొండ బాగుచేసే పనిరోజులని వస్తారు, విల్మా కాల్చిన స్కోన్లు, ఆ మెత్తటి రొట్టెలు, తింటారు, 'ఈ కొండ భలే గట్టిదిరా, దేనికీ మరమ్మతే అక్కర్లేదు' అనుకుంటూ దిగిపోతారు."

"అప్పుడు నువ్వెక్కడుంటావు?"

"ఇంజను షెడ్డు అటక మీద. స్కోన్లు అప్పుడే పొయ్యిలోంచి తీస్తారు కదా, ఆ వాసన సరాసరి అటక మీదికే వస్తుంది. మిగతావన్నీ క్షమిస్తాను గానీ అదొక్కటీ క్షమించను."

తన సంచిలోంచి నా నవల తీసి, ఎవరికీ చెప్పనని దాని మీద నాచేత ప్రమాణం చేయించుకున్నాడు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు "వంటమనిషే చంపింది" అన్నాడు. దాన్ని అతను డిసెంబరులోనే చదివేశాడు.

మేలో అధికారి వచ్చాడు. లాగాడు, గుంజాడు, నిజంగానే భూతద్దం తీశాడు. "ఇది పదేళ్ల నాటిదా? నిన్నగాక మొన్న అల్లినట్టుందే!" అని ఆశ్చర్యపోతూ సంతకం పెట్టాడు. "క్లెమ్ అంటే క్లెమ్!" అని ఆర్కిస్టన్ ఛాతీ విరుచుకున్నాడు. నాకు దగ్గొచ్చింది.

జూన్‌లో మర్డో పాకం సీసాతో దిగాడు. కొండ తెరిచిన రోజు విల్మా ఇంజను ఆపించి, ఎర్రదారం తడిమి, తన మాట తను అంది. ఈసారి మర్డోతోపాటు నేనూ ఆకాశంలోకి చూశాను.

మళ్లీ అక్టోబరు. మర్డో స్కీలు భుజానికెత్తుకుని గుమ్మం దిగుతుంటే విల్మా ఒక పొట్లం అతని చేతిలో పెట్టింది. "కెనడాలో విప్పు. ముందు విప్పావంటే ఊరుకోను."

అతను మలుపు తిరిగాక అడిగాను. "ఏమిటది?"

"ఎండకి రాసుకునే క్రీము. మోకాళ్లకి."

నేను నోరు తెరిచాను. ప్రమాణం గుర్తొచ్చి మూశాను.

"క్లెమ్ అల్లిన అతుకు ఏనాడూ రెండు చలికాలాలు ఆగలేదు పంతులూ" అంది విల్మా, మలుపు వైపే చూస్తూ. "మహానుభావుడు ఎర్రదారం మాత్రం అందంగా దోపేవాడు."

"మరి మర్డోతో ఒక్క మాట అనొచ్చుగా?"

"ఎందుకూ? వేసవి మొహం చూడనని ఊరంతా చాటుకున్నవాడు. ఈ వయసులో పరువు తియ్యమంటావా?"

ఏప్రిల్ పనిరోజుల్లో విల్మా ఒక స్కోన్ల డబ్బా తెచ్చి, ఇంజను షెడ్డు నిచ్చెన దగ్గర మర్చిపోయింది. ఆవిడ ఏదైనా మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం ఇద్దరం వెళ్లి చూస్తే డబ్బా ఖాళీ. శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. ఎన్నో ఏళ్లుగా విరిగి ఉన్న దాని మూతకి వెండి రంగు టేపు నీటుగా చుట్టి ఉంది.

విల్మా చేతితొడుగు తీసి, ఆ టేపు మీద ఒకసారి తడిమింది.

"పాడు కొండచిలకలు" అంది అటక మీదికి వినబడేలా. "రేపు ఇంకో డబ్బా చెయ్యాలి కాబోలు."