చేవెళ్లలో రాజమండ్రి పిలుపు

ఐటీ జోరు మొదలయ్యాక ఏ సభైనా హైదరాబాదులోనే జరగాలన్నట్టు తయారైంది లోకం. నాకు ఒళ్లు మండేది. మా రాజమండ్రికి ఏం తక్కువ? గోదావరి లేదా, హాళ్లు లేవా, పక్కనే కడియం పూలతోటలు లేవా? పూల రైతుల మహాసభ ఈసారి మా ఊళ్లోనే పెట్టించి, రైతుల్ని పిలవడానికి సంచీ నిండా రంగుల కరపత్రాలతో మెహదీపట్నంలో బస్సెక్కి, మొయినాబాద్ మీదుగా చేవెళ్ల చేరాను.

అక్కడి పూల రైతుల సంఘం పెద్ద పెంటయ్య. ఆయన అరుగు మీద కూర్చుని ఏసీ హాలు ఫొటోలు చూపిస్తూ గంటసేపు ఊదరగొట్టాను. తల ఊపుతాడే గాని వస్తామనడు. పక్కనే బంతిపూలు గంపకెత్తుతున్న ఆయన భార్య యాదమ్మ నవ్వింది.

"గాయన్ని అడుగుతవేంది బాపు? పూలు తెంపేది మేము. మేం కదలకుంటే గీళ్లు కదుల్తరా? ఆడోళ్లకు బొట్టు పెట్టి చెప్పినవా?"

పెళ్లికి బొట్టు పెట్టి పిలుస్తారని తెలుసు. సభకు కూడానా! "మగాణ్ణి, ఒక్కణ్ణే వచ్చానమ్మా. ఎవరు పెడతారు?" అన్నాను.

"నేను లేనా? జర ఆగు."

చేతులు కడుక్కుని కుంకుమ భరిణె తెచ్చింది. ఆమె ముందు, నేను వెనక. గడపగడపకూ ఆగి ఆడవాళ్లకు బొట్టు పెట్టి, "మన రాజమండ్రిల సభ ఉన్నది, రావాలె" అని చెప్పింది. ఎన్నడూ చూడని మా ఊరిని ఆమె 'మన' అంటుంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆరో ఇంటి దగ్గర ఉండగా వెనక నుంచి పెంటయ్య కేకేశాడు. "ఏమే, రైలు టికెట్లు ఎందరికి రాయాలె?"

"ముందుగాల ఆడోళ్లవి రాయి. జాగ మిగిల్తే మీవి!"