పగటి కొవ్వొత్తి ముందు డార్కస్

మా తమ్ముడు సైలస్ వెల్డన్ డెర్బీలో పుట్టి డెర్బీలోనే పోయాడు. కొవ్వొత్తి వెలుగులో మనుషుల బొమ్మలు వేయడంలో వాడికి వాడే సాటి. ఆ మాట ఊరికంటే ముందు వాడే అనేవాడు. వాడికి రంగులు నూరిపెట్టిన అక్కని నేను, టబితాని.

పట్టపగలే గదిలో సగం నల్ల తెరలతో మూసి, లోపల ఒక్క కొవ్వొత్తి ముందు మనిషిని కూర్చోబెట్టేవాడు. తాను ఇవతల వెలుతురులో నిలబడి, తెరకున్న కంతలోంచి చూసి వేసేవాడు. కొవ్వొత్తి వెలుగులో పసుపు రంగు తెలియదు, తెలుపులో కలిసిపోతుంది. రంగులు నూరే నాకు అది కొత్త సంగతి కాదు.

ఆ చలికాలం లండన్ ప్రదర్శనకి పంపే బొమ్మ కోసం డార్కస్ కూర్చునేది. పంతొమ్మిదేళ్ళది. తల్లి కెజియా పట్టు మిల్లుకి చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. కూతురి మొహం ఆవిడ చూసేదీ దీపం వెలుగులోనే. ఆదివారాలు ఈ పిల్ల ముసుగుతన్ని పడుకునేది.

మూడో వారం దాన్ని కిటికీ దగ్గర, పగటి వెలుతురులో చూశాను. దాని కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి.

“ఏమే, ఒంట్లో బాగాలేదా?”

“రొట్టె చూస్తేనే వికారమండీ. అమ్మకి చెప్పకండి, కంగారుపడుద్ది.”

తెర అవతలికి పంపగానే సైలస్ కేకేశాడు. “అక్కా, ఆ బుగ్గలు చూడు! గులాబీలే! నాలాంటి కన్ను ఈ ఊళ్ళో ఎవడికుందే?”

“నీ కన్ను సంగతి తర్వాత, చెయ్యి ఆడించు” అన్నాను. ఇంకో పదిరోజులైతే బొమ్మ అయిపోతుంది, అప్పుడు వాళ్ళమ్మకి చెబుదాం అనుకుని నోరు కట్టేసుకున్నాను. పన్నెండో రోజున డార్కస్ ప్రాణం పోయింది.

ఆ బొమ్మతోనే వాడికి పేరొచ్చింది. వాడు పోయేదాకా ఆ పచ్చకళ్ళ సంగతి వాడికీ చెప్పలేదు. అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను.

బొమ్మ లండన్ వెళ్ళకముందు కెజియా చూడటానికి వచ్చింది. చాలాసేపు నిలబడింది.

“ఎంత కళగా ఉందండీ! మీ దగ్గరున్నన్నాళ్ళూ బాగానే ఉందన్నమాట. ఇంటికొచ్చాకే ఏదో అయ్యుంటది. కన్నతల్లినై ఉండి కనిపెట్టలేకపోయాను. పాపిష్టిదాన్ని.”

నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను వెనక్కి తీసుకోలేదు. తనని తాను తిట్టుకుంటూ ఆవిడ మెట్లు దిగుతుంటే, “జారతావు, జాగ్రత్త” అని మాత్రం అన్నాను.