నాయనమ్మ మడి పొయ్యి, రబ్బీ గారి ఉత్తరం

నాకు తొమ్మిదేళ్ళప్పుడు... గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని మా ఇంటి గుమ్మంలో నిలబడి, అమ్మ ఇచ్చిన పులిహోర గిన్నెను డేవిడ్ అంకుల్ రెండు చేతులతో వెనక్కి ఇచ్చేశారు.

ఆయన మా పక్కింటాయన. అమెరికా నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో లెక్కలు చెప్పేవారు. యూదులు. ఒక్కరే ఉండేవారు... పళ్ళు, అమెరికా నుంచి తెచ్చుకున్న డబ్బాల తిండి, అంతే.

అమ్మకు ఒళ్ళు మండింది. మన వంట అంత తీసిపోయిందా, ఏం గర్వమో అని సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది.

రాజమండ్రి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన నాయనమ్మ మాత్రం నవ్వేసింది. "గర్వం కాదమ్మా, మడి. పాపం, పరాయి దేశంలో ఒక్కడూ ఎలా నెట్టుకొస్తున్నాడో" అంది.

ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! తడి చీర కట్టుకుని వంట మొదలుపెడితే నాన్న కూడా వంటింటి గడప తొక్కకూడదు. అలాంటి మనిషికి ఆ రోజు నుంచి ఒకటే బెంగ... తను వెళ్ళిపోయేలోపు ఆయనకు ఒక్క పూటైనా వేడన్నం పెట్టాలి.

ఆ పోరు పడలేక నాన్న వెళ్ళి ఆయన్ను భోజనానికి అడిగారు. తిండికి తమ మతంలో గట్టి నియమాలున్నాయట. అంకుల్ తమ మతగురువుకు, రబ్బీ అంటారట, ఉత్తరం రాశారు. పక్కింట్లో అంతా శాకాహారమే, తినొచ్చా అని. ఆ పెద్దాయనకు ఈమెయిల్ అలవాటు లేదట. ఇక రోజూ పోస్ట్ బాక్స్ చూసుకోవడమే మా పని... వీసా వారం మిగిలింది... మూడు రోజులు...

రేపు ప్రయాణం అనగా వచ్చింది! నీలం సిరా, వణికిన అక్షరాలు, రెండు పేజీలు. అంకుల్ చదువుతుంటే నాన్న తెలుగులో చెప్పారు. కొత్త గిన్నెల్లో వండాలి. పొయ్యి మాత్రం అంకులే వెలిగించాలి. చివర్లో ఇంకో మాట... నీ నియమం కోసం ఆవిడ నియమం చెడకూడదు, ముందు ఆవిడను అడుగు.

అందరం నాయనమ్మ వైపు చూశాం. మడి పొయ్యిని పరాయి మనిషి ముట్టుకోవడమా...

"ఆయన వెలిగిస్తే ఆయన మడి నిలుస్తుంది. తరవాత నేను మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకుంటే నా మడి నిలుస్తుంది. ఈమాత్రానికి ఆలోచన దేనికిరా?" అంది నాన్నతో.

నాన్న అప్పటికప్పుడు కొత్త గిన్నెలు కొనుక్కొచ్చారు. అంకుల్ అగ్గిపుల్ల గీసి, పొయ్యి వెలిగించి బయటికొచ్చారు. నాయనమ్మ స్నానం చేసి తడి చీరతో లోపలికెళ్ళింది. పెసరపప్పు, అన్నం. నెయ్యి సంగతి ఉత్తరంలో లేదని అంకుల్ వద్దన్నారు... అదొక్కటే ఆవిడకు లోటు. ఆయన మారు మీద మారు అడిగి తిన్నారు. ఆయన లేచేదాకా నాయనమ్మ ఎదురుగానే కూర్చుంది.

ఆ ఉత్తరం జిరాక్సు అడిగి తీసుకెళ్ళింది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు, అయినా పూజ పుస్తకంలో దాచుకుంది. ఆవిడ పోయాక అది నాకొచ్చింది.

ఇప్పుడు ఇక్కడే, అల్ తుమామాలో మా ఫ్లాట్‌లో కరెంటు పొయ్యి. మీట నొక్కితే చాలు. మడీ లేదు, పట్టింపూ లేదు, ఎవరేం పెట్టినా తింటాం... కానీ పెట్టేవాళ్ళేరీ? పక్క ఫ్లాట్ వాళ్ళు ఏం తింటారో, ఏం తినరో నాకు తెలియనే తెలియదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మీ ఇంట్లోనూ ఇలా ఎవరి ఆకలి కోసమో రెండోసారి స్నానం చేసిన పెద్దవాళ్ళుంటే చెప్పండి... మా నాయనమ్మను ఇంకోసారి చూసినట్టుంటుంది.