అక్క కాళ్ల వాపు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను బెజవాడలో ఒక డాక్టరమ్మగారి ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. వచ్చిన గర్భిణుల మూత్రం పరీక్ష చేయడం నా పని. వెనక గదిలో ఒక బల్ల, స్పిరిటు దీపం, నాలుగైదు గాజు గొట్టాలు, రెండు సీసాలు. అంతే మా లాబొరేటరీ.

చక్కెర ఉందేమో చూడాలంటే నీలం మందునీళ్లలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించాలి. నీలం నీలంగానే ఉంటే మంచిది, ఇటుక రంగుకు తిరిగితే చక్కెర పోతున్నట్టు. మాంసకృత్తుల పరీక్ష ఇంకా తేలిక. గొట్టంలో మూత్రం పోసి పైభాగాన్ని మాత్రం మంట మీద కాచాలి. కోడిగుడ్డు తెల్లసొన వేడికి ఎలా తెల్లబడుతుందో, మాంసకృత్తులుంటే అక్కడ అలా తెల్లటి మబ్బు కడుతుంది. అది కనబడితే డాక్టరమ్మగారి ముఖం మారిపోయేది. కాళ్లు వాచి, ఆ మబ్బు కూడా ఉన్నవాళ్లకు కాన్పులో ఫిట్లు వచ్చే ప్రమాదం ఉంది.

మా అమ్మ అలాగే పోయింది, నన్ను కని. అప్పటికి తొమ్మిదేళ్ల అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ తర్వాత నన్ను పెంచింది అక్కే.

ఒకరోజు మధ్యాహ్నం అక్కా బావా కంకిపాడు దగ్గరి వాళ్ల ఊరినించి బస్సులో దిగారు. అక్కకు ఎనిమిదో నెల. డాక్టరమ్మగారు గుణదలలో ఎవరికో పురుడు పోయడానికి వెళ్లారు.

అక్క చీర కొంచెం ఎత్తి పాదాలు చూపించింది. "అమ్మ కాళ్లూ ఇట్టాగే ఉండేయే" అంది.

వేలితో నొక్కాను. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"డాక్టరమ్మగారు ఎప్పుడొస్తారమ్మా?" అన్నాడు బావ.

"సాయంత్రానికి వస్తారండీ."

"అందాకా నేనాగలేను. నువ్వు చెయ్యి" అంది అక్క.

ముందు చక్కెర పరీక్ష చేశాను. నీలం నీలంగానే ఉంది. రెండో గొట్టం మంట మీద పెట్టి నెమ్మదిగా తిప్పాను. పైన తెల్లగా మబ్బు కట్టింది.

తెర అవతల అక్క బల్ల మీద కూర్చుని ఉంది, ఆమె గాజుల చప్పుడు వినిపిస్తోంది. ఆ గొట్టం తొట్టిలో ఒంపేసి ఏమీ లేదని చెప్పేద్దామా అనిపించింది. అప్పుడు డాక్టరమ్మగారు మొదటిరోజు చెప్పింది గుర్తొచ్చింది: మబ్బు చూడగానే రాసెయ్యకు, ఎసిటిక్ ఆసిడ్ వేసి చూడు, ఉత్త లవణాలైతే కరిగిపోతాయి, మాంసకృత్తులైతే అలాగే ఉంటాయి.

ఒక చుక్క వేశాను. మార్పు లేదు. రెండో చుక్కకు పలచబడినట్టనిపించింది గాని నా కళ్లను నేను నమ్మలేదు. మూడో చుక్క వేసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. గొట్టం వెనక కిటికీ ఊచలు స్పష్టంగా కనిపించాయి. వేరే గొట్టంలో మళ్లీ చేశాను. మళ్లీ మబ్బు కట్టింది, మళ్లీ కరిగిపోయింది.

బయటికొచ్చేసరికి కళ్లనీళ్లు కారిపోతున్నాయి. అక్క ముఖం తెల్లబోయింది.

"ఉందా?"

"లేదక్కా. ఏం లేదు."

"మరి ఏడుస్తావేంటే?" అని నన్ను దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం డాక్టరమ్మగారు వచ్చి తానే మళ్లీ పరీక్ష చేశారు. రక్తపోటు చూసి, అదీ బాగానే ఉందన్నారు. తర్వాత అక్కను అడిగారు, "రోజంతా ఏం పని చేస్తావు?"

"మగ్గం నేస్తానండి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా."

"మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని అంతసేపు కూర్చుంటే వాయవా? కాన్పయ్యేదాకా మగ్గం ముట్టుకోకు. వారానికోసారి మాత్రం రావాలి."

"నేను గుంటలోకి దిగనివ్వనండి" అన్నాడు బావ. వచ్చినప్పటినుంచి నిలబడే ఉన్నవాడు అప్పుడు కూర్చున్నాడు.

ఆపైన వారం వారం వచ్చారు. కొన్నాళ్లకు వాపు చాలావరకు తీసింది. నెల తిరక్కుండా మా ఆసుపత్రిలోనే అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఏ ఫిట్లూ రాలేదు.

ఆ మబ్బు సంగతి అక్కకు చాలా ఏళ్లదాకా చెప్పలేదు. చెప్పినరోజు ముందు కోప్పడింది. "అప్పుడే చెప్పుంటే అక్కడే పడిపోయేదాన్ని" అంది. మళ్లీ తనే, "ఆ గదిలో ఒక్కదానివే, నీకెంత భయమేసిందో" అంది.